ఆర్కేడ్ మానిటర్‌ను ఇంటి కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డుకు కలపడం: సమగ్ర మార్గదర్శి

ఆర్కేడ్ మానిటర్ (పాత వీడియో గేమ్ యంత్రాల్లోని ట్యూబు తెర) నుంచి వచ్చే రంగుల తీగలను కంప్యూటర్ వీజీఏ పోర్టుకు కలపడం చిన్న పనే. టంకం వేయడం తెలిసినవారికి అరగంట చాలు. కానీ అంతకంటే ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. అవి వదిలేస్తే ముప్పై ఏళ్లుగా చెక్కుచెదరకుండా వచ్చిన మానిటర్ మొదటి నిమిషంలోనే చేతికందకుండా పోవచ్చు. అందుకే ఈ మార్గదర్శిలో తీగల సంగతి చివర్లో వస్తుంది. ముందు కరెంటు, తర్వాత కార్డు, ఆపై సాఫ్ట్‌వేర్, ఆ తర్వాత కొలత. కొలిచి చూసి నిర్ధారించుకున్నాకే తీగలు. ఈ వరుసను మార్చవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇలాంటి ట్యూబులు ఇప్పుడు కొత్తగా తయారు కావడం లేదు.

అసలు చిక్కు ఎక్కడుంది?

ట్యూబు తెర మీద బొమ్మ గీతలు గీతలుగా పడుతుంది. పాత ఆర్కేడ్ మానిటర్ ఒక్కో బొమ్మకు సుమారు 262 గీతలు గీస్తుంది. సెకనుకు 60 బొమ్మలంటే 262ను 60తో గుణించాలి, దాదాపు 15,700 గీతలు. దీన్నే 15 కిలోహెర్ట్జ్ మానిటర్ అంటారు. కంప్యూటర్ వీజీఏ పోర్టు మామూలుగా 525 గీతల బొమ్మను సెకనుకు 60 సార్లు పంపుతుంది. అది దాదాపు 31,500 గీతలు, అంటే సరిగ్గా రెట్టింపు వేగం.

విండోస్‌లో రిజల్యూషన్‌ను 320 బై 240కి తగ్గిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. వీజీఏ పద్ధతిలో తక్కువ రిజల్యూషన్ బొమ్మలోని ప్రతి గీతనూ రెండేసి సార్లు గీస్తారు. తెర మీద పిక్సెళ్లు పెద్దవిగా కనిపించినా, తీగలో వెళ్లే వేగం మాత్రం 31 కిలోహెర్ట్జే.

ఈ వేగం 15 కిలోహెర్ట్జ్ మానిటర్ చేసిస్‌లోకి (ట్యూబును నడిపే సర్క్యూట్ బోర్డులోకి) వెళ్తే బొమ్మ రెండు మూడు ముక్కలుగా పక్కపక్కన నలిగిపోయి కనిపిస్తుంది, లోపలి నుంచి కీచుమనే శబ్దం మారుతుంది. అలాగే వదిలేస్తే హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. కొన్ని చేసిస్‌లు కాసేపు తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు. మీది ఏ రకమో పరీక్షించి చూడాలనుకోవద్దు.

మీ దగ్గరున్న మానిటర్ ఏది?

ట్యూబు వెనుక ఉన్న చేసిస్ మీద ముద్రించిన పేరు, నంబరు రాసుకోండి. వెల్స్ గార్డ్‌నర్ కే7000, ఎలక్ట్రోహోమ్ జీ07, హంటరెక్స్ ఎంటీసీ 9000 వంటివి 15 కిలోహెర్ట్జ్‌కే పరిమితం. నానావో ఎంఎస్9 వంటివి 15తో పాటు 24 కిలోహెర్ట్జ్ కూడా తీసుకుంటాయి. సెగా మోడల్ 2 బోర్డు మీద నడిచిన 496 బై 384 ఆటలకు ఈ మధ్యస్థ వేగమే కావాలి. వెల్స్ గార్డ్‌నర్ డీ9200, నానావో ఎంఎస్ 2930 వంటివి 31 దాకా అన్నీ చూపగలవు. మీది ఈ చివరి రకమైతే అదృష్టవంతులు, సగం జాగ్రత్తలు తగ్గిపోతాయి. నంబరు దొరకకపోతే, ఏమీ తేలకపోతే, అది 15 కిలోహెర్ట్జ్ మానిటరే అనుకుని ముందుకు వెళ్లడం క్షేమం.

ఇంట్లోని పాత కలర్ టీవీ కూడా 15 కిలోహెర్ట్జ్‌దే. కానీ మన దేశంలో అమ్మిన టీవీల్లో నేరుగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం సంకేతాలు తీసుకునే దారి సాధారణంగా ఉండదు. కాంపొనెంట్ ఇన్‌పుట్ ఉన్న టీవీ అయితే మధ్యలో ఒక మార్పిడి పెట్టె పెట్టి వాడుకోవచ్చు. టీవీని విప్పి లోపలికి తీగలు వేయడం వేరే విద్య, ఇక్కడ దాని జోలికి వెళ్లడం లేదు.

కరెంటు: ఇక్కడ తొందర వద్దు

చాలా ఆర్కేడ్ చేసిస్‌లలో కరెంటు లైనుకూ వీడియో గ్రౌండుకూ మధ్య అడ్డు ఉండదు. ఆర్కేడ్ పెట్టెలో ఆ అడ్డు పని చేసేది ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. పెట్టెలోంచి మానిటర్‌ను ఒక్కదాన్నే తీసుకొస్తే ఆ ట్రాన్స్‌ఫార్మర్ అక్కడే ఉండిపోతుంది. అది లేకుండా మానిటర్ గ్రౌండును కంప్యూటర్‌కు కలిపితే, కంప్యూటర్ గ్రౌండు గోడలోని ఎర్త్‌కు కలిసి ఉంటుంది కాబట్టి, నేరుగా షార్ట్ సర్క్యూట్ అవుతుంది. చేసిస్, గ్రాఫిక్స్ కార్డు రెండూ పోతాయి. మీ చెయ్యి మధ్యలో ఉంటే ప్రాణానికే ప్రమాదం.

మీ చేసిస్‌కు సొంత అడ్డు ఉందో లేదో తెలుసుకునే మార్గం ఉంది. ప్లగ్గును గోడ నుంచి పూర్తిగా తీసేయండి. కరెంటు కెపాసిటర్ ఖాళీ అయ్యేదాకా ఆగండి. మల్టీమీటర్‌ను డయోడ్ పరీక్షకు పెట్టి, ఒక మొనను ప్లగ్గు పిన్నుకు, రెండోదాన్ని వీడియో గ్రౌండుకు ఆనించండి. మొనలను అటూ ఇటూ మార్చి చూడండి, రెండో పిన్నుతో కూడా అలాగే చేయండి. చేసిస్ మీద స్విచ్ ఉంటే అది ఆన్‌లో ఉండాలి. ఏ దిశలో ఏ అంకె కనిపించినా అడ్డు లేనట్టే, ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

అమెరికా నుంచి వచ్చిన చేసిస్‌కు 120 వోల్టులు, జపాన్‌దానికి 100 వోల్టులు కావాలి. మన గోడలో 230. విదేశీ మిక్సీల కోసం అమ్మే స్టెప్ డౌన్ కన్వర్టర్లు చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లే. అవి వోల్టేజీ తగ్గిస్తాయి తప్ప ఐసొలేషన్ ఇవ్వవు. కొనేటప్పుడే, కరెంటు లేకుండా, ఇన్‌పుట్ పిన్నుకూ అవుట్‌పుట్ పిన్నుకూ మధ్య మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూడండి. మీటరు కదిలితే అది పనికిరాదు. 19 నుంచి 25 అంగుళాల మానిటర్‌కు 150 నుంచి 200 వీఏ సామర్థ్యమున్న ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. మార్కెట్లో దొరకకపోతే ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే వారి దగ్గర చెప్పి చేయించుకోవచ్చు. “ప్రైమరీ 230, సెకండరీ 120 (జపాన్ చేసిస్ అయితే 100), రెండు వేర్వేరు చుట్లు” అని స్పష్టంగా చెప్పాలి.

ట్యూబు పక్కన రబ్బరు గొడుగులా కనిపించే యానోడ్ క్యాప్ కింద 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది. స్విచ్ ఆపేసినా అది చాలాసేపు నిలిచి ఉండగలదు. మనం చేయబోయే పనికి దాన్ని ముట్టుకోవలసిన అవసరం లేదు. చేసిస్‌ను బయటికి తీయవలసి వస్తే మాత్రం ముందు దాన్ని ఖాళీ చేయాలి. చదును స్క్రూడ్రైవర్ ఇనుప కడ్డీకి ఒక తీగ చుట్టి, దాని రెండో కొసను ట్యూబు వెనుక చుట్టూ ఉన్న జడలాంటి గ్రౌండు తీగకు బిగించండి. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, స్క్రూడ్రైవర్ కొసను రబ్బరు కిందికి లోపలి క్లిప్పు తగిలేదాకా మెల్లగా జరపండి. చిటుక్కుమని వినిపించవచ్చు. కొన్ని నిమిషాలాగి మరోసారి చేయండి, ఖాళీ అయిన ట్యూబులో కొంత చార్జి మళ్లీ చేరుతుంది. ఈ పని ఎప్పుడూ చేయనివారు పాత టీవీ మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకోవడం మంచిది.

ఏ కార్డు కొనాలి?

అనలాగ్ సంకేతం ఇచ్చే కార్డే కావాలి. కొత్త కార్డుల్లో అది లేదు. వీజీఏ పోర్టు ఉంటే సరే. లేకపోతే డీవీఐ పోర్టును దగ్గరగా చూడండి. అడ్డంగా ఉన్న చదునైన చీలిక పైనా కిందా కలిపి నాలుగు చిన్న రంధ్రాలు ఉంటే అది డీవీఐ-ఐ. అందులో అనలాగ్ ఉంటుంది, చవకైన అడాప్టర్‌తో వీజీఏగా మారుతుంది. చీలిక ఒక్కటే ఉంటే డీవీఐ-డీ, అది మనకు ఉపయోగపడదు.

కంపెనీల్లో నా ఓటు ఏఎండీ రేడియాన్‌కే. కారణం సాఫ్ట్‌వేర్. క్యాలమిటీ అనే పేరుతో రాసే డెవలపర్ తయారుచేసిన సీఆర్‌టీ ఎమూడ్రైవర్ (కార్డు చేత 15 కిలోహెర్ట్జ్ సంకేతం పంపించే డ్రైవర్) ఈ కార్డుల కోసమే ఉంది. హెచ్‌డీ 5000 శ్రేణి నుంచి ఆర్9 380ఎక్స్ దాకా వాడుకోవచ్చు. ఆర్9 290 శ్రేణిలో మాత్రం అనలాగ్ తీసేశారు, పెద్ద నంబరు కదా అని కొనవద్దు. పాత ఆటలకు హెచ్‌డీ 5450, హెచ్‌డీ 6450 వంటి చిన్న కార్డులు చాలు. హైదరాబాద్, సికింద్రాబాద్ వైపు ఉండేవారు పాత కార్డుల కోసం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, చిప్పులు, రెసిస్టర్ల కోసం కోఠి గుజరాతీ గల్లీలో వెతకవచ్చు.

సాఫ్ట్‌వేర్: ఆర్కేడ్ మానిటర్ దూరంగా ఉండగానే

ఈ దశలో కంప్యూటర్‌కు మామూలు ఎల్‌సీడీ తెర మాత్రమే కలిపి ఉండాలి, వీలైతే కార్డులోని రెండో పోర్టుకు.

64 బిట్ విండోస్ 7 గానీ, 10 గానీ వాడండి. పాత డిస్‌ప్లే డ్రైవర్లను పూర్తిగా తొలగించండి. సీఆర్‌టీ ఎమూడ్రైవర్‌కు మైక్రోసాఫ్ట్ సంతకం లేదు. కాబట్టి బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపి, విండోస్‌ను టెస్ట్ మోడ్‌లో పెట్టాకే అది ఎక్కుతుంది. తర్వాత దానితోపాటు వచ్చే వీఎంమేకర్ (మానిటర్‌కు తగిన రిజల్యూషన్, వేగాల జతలను, అంటే మోడ్‌లను తయారుచేసే ప్రోగ్రామ్) తెరిచి మీ మానిటర్ రకం ఎంచుకోండి. కే7000కు, హంటరెక్స్ పోలోకు, డీ9200కు విడివిడి ప్రీసెట్లు ఉన్నాయి. మీది జాబితాలో లేకపోతే ఆర్కేడ్ 15 అనే ప్రీసెట్ తీసుకోండి. మోడ్‌లు తయారుచేసి ఇన్‌స్టాల్ చేయమంటే అదే చేసుకుంటుంది. డెస్క్‌టాప్ కోసం 640 బై 480 ఇంటర్‌లేస్డ్ (సరి, బేసి గీతలను విడతలవారీగా గీసే) మోడ్ ఉంచుకోండి. కొంచెం మినుకుమంటుంది, అది సహజమే.

ఆ మోడ్‌లలో ఏముందో ఒకటి విప్పి చూస్తే మిగతావన్నీ అర్థమవుతాయి. 320 బై 240కి ఒక మోడ్‌లైన్, అంటే మోడ్ అంకెల వరుస, ఇలా ఉంటుంది: పిక్సెల్ వేగం 6.7 మెగాహెర్ట్జ్. అడ్డంగా 320, 336, 367, 426. నిలువుగా 240, 244, 247, 262. మొదటి అంకె కనిపించే భాగం, రెండోది సింక్ (కొత్త గీత లేదా కొత్త బొమ్మ మొదలుపెట్టమని మానిటర్‌కు చెప్పే సంకేతం) మొదలయ్యే చోటు, మూడోది అది ముగిసే చోటు, నాలుగోది మొత్తం. 67 లక్షలను 426తో భాగిస్తే సుమారు 15,728. అదే మన 15.7 కిలోహెర్ట్జ్. దాన్ని 262తో భాగిస్తే 60.03, అదే రిఫ్రెష్ రేటు. బొమ్మ పక్కకు జరగాలంటే రెండో, మూడో అంకెలు కలిసి మారతాయి. ఈ లెక్క వచ్చినవారికి ఏ ప్రోగ్రామ్ ఏ మోడ్ ఇచ్చినా అది క్షేమమో కాదో కాగితం మీదే తేలిపోతుంది.

జాబితాలో 2560 బై 240 వంటి వింత మోడ్‌లు కనిపిస్తాయి. వీటిని సూపర్ రిజల్యూషన్లు అంటారు. అడ్డం వైపు పిక్సెళ్లను అనేక రెట్లు పెంచి పంపినా ట్యూబుకు తేడా తెలియదు, దానికి కావలసింది గీతల వేగమే. 256, 320 వెడల్పుల ఆటలు రెండూ 2560లో నిండు రెట్లుగా ఇమిడిపోతాయి, మధ్యలో మోడ్ మార్చే పని ఉండదు.

లినక్స్ ఇష్టపడేవారికి గ్రూవీఆర్కేడ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. 15 కిలోహెర్ట్జ్ ఏర్పాట్లు అందులో ముందే చేసి ఉంటాయి.

కొలవకుండా కలపవద్దు

ఫ్రీక్వెన్సీ కొలిచే మల్టీమీటర్ ఒకటి సంపాదించండి. తిప్పుడు బటన్ మీద హెర్ట్జ్ గుర్తు ఉంటే చాలు. అనలాగ్ పోర్టును 15 కిలోహెర్ట్జ్ మోడ్‌లోకి మార్చండి. ఏమీ కలపకపోతే కార్డు ఆ పోర్టును అసలు వెలిగించకపోవచ్చు. అప్పుడు ఆర్కేడ్ ఓఎస్‌డీ అనే ప్రోగ్రామ్‌లోని ఈడీఐడీ ఎమ్యులేషన్ (మానిటర్ కలిపి ఉందని కార్డును నమ్మించే ఏర్పాటు) వాడండి. లేదా వీజీఏ ప్లగ్గులో 1-6, 2-7, 3-8 పిన్నుల మధ్య ఒక్కో 75 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. కార్డు వాటినే మానిటర్ అనుకుంటుంది.

ఇప్పుడు నల్ల మొన 10వ పిన్నుకు, ఎర్ర మొన 13వ పిన్నుకు. మీటరు మీద 15.6 నుంచి 15.8 కిలోహెర్ట్జ్ మధ్య అంకె నిలకడగా నిలవాలి. ఎర్ర మొనను 14కు మారిస్తే 60 హెర్ట్జ్‌కు దగ్గరగా రావాలి. మొదటి అంకె 31.4 అని వస్తే అక్కడే ఆగి సాఫ్ట్‌వేర్‌కు తిరిగి వెళ్లండి. కంప్యూటర్‌ను ఆపి, తిరిగి ఆన్ చేస్తూ మీటరును చూడండి. బయోస్ తెర వచ్చినంతసేపు 31 చూపించి, డెస్క్‌టాప్ రాగానే 15.7కు దిగుతుంది. ఈ దృశ్యం గుర్తుంచుకోవాలి. డెస్క్‌టాప్ వచ్చేదాకా మానిటర్ కరెంటు ఆపి ఉంచడానికి కారణం ఇదే. మానిటర్‌కు విడిగా ఒక స్విచ్ పెట్టుకోండి.

ప్రతిసారీ గుర్తుపెట్టుకోవడం కష్టమనుకుంటే అల్టిమార్క్ సంస్థ తయారుచేసే జే-ప్యాక్ బోర్డు కొనండి. 15 కిలోహెర్ట్జ్ మించిన సింక్‌ను అది మానిటర్ దాకా వెళ్లనివ్వదు. వీడియో యాంప్లిఫయర్, బటన్ల అనుసంధానం కూడా అందులోనే ఉంటాయి. పిల్లలున్న ఇంట్లో ఈ ఖర్చు తప్పక పెట్టవలసిందే.

తీగలు

వీజీఏలో 1 ఎరుపు, 2 ఆకుపచ్చ, 3 నీలం. వాటి గ్రౌండ్లు 6, 7, 8. హారిజాంటల్ సింక్ 13, వెర్టికల్ సింక్ 14, సింక్ గ్రౌండు 10. మీ ఆర్కేడ్ పెట్టెలో జామా (ఆర్కేడ్ బోర్డులను కలిపే ప్రామాణిక పద్ధతి) తీగల గుత్తి ఉంటే, అందులో 12 ఎరుపు, ఎన్ ఆకుపచ్చ, 13 నీలం, పీ సింక్, 14 వీడియో గ్రౌండు.

రంగులు కలపడంలో చిక్కు వోల్టేజీ ఒక్కటే. గ్రాఫిక్స్ కార్డు 75 ఓమ్‌ల భారం మీద 0.7 వోల్టులు ఇస్తుంది. కే7000 వంటి చేసిస్‌లు ఆర్కేడ్ బోర్డుల నుంచి వచ్చే మూడు వోల్టుల స్థాయి సంకేతానికి అలవాటు పడినవి. నేరుగా కలిపితే నష్టమేమీ లేదు గానీ బొమ్మ మసకగా ఉంటుంది. చేసిస్ మీది బ్రైట్‌నెస్ బటన్‌ను గరిష్ఠానికి తిప్పి వెలుగు తెచ్చుకోవాలని చూస్తే నలుపు బూడిదవుతుంది. ఆర్కేడ్ మానిటర్ల కోసం చేసిన వీడియో యాంప్లిఫయర్ పెట్టడమే సరైన పద్ధతి.

సింక్ విషయంలో చేసిస్‌కు రెండు సింక్ పిన్నులు విడిగా ఉంటే 13, 14లను వాటికే కలపండి. ఒక్క పిన్నే ఉంటే రెండింటినీ కలిపి కాంపోజిట్ సింక్ చేయాలి. కొందరు రెండు తీగలను మెలిపెట్టి కలిపేస్తారు. కొన్ని కార్డులతో అది పనిచేస్తుంది, కానీ రెండు అవుట్‌పుట్‌లు ఒకదాన్నొకటి లాగే ఏర్పాటు కాబట్టి నేను దాన్ని సమర్థించను. చిన్న చిప్పు ఒకటి చాలు: 74ఎల్ఎస్86, లేదా 74హెచ్‌సీటీ86. 14వ కాలికి 5 వోల్టులు, 7వ కాలికి గ్రౌండు, ఆ రెంటి మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్. హారిజాంటల్ సింక్ 1వ కాలికి, వెర్టికల్ 2వ కాలికి. 3వ కాలి నుంచి వచ్చేది పాజిటివ్ సింక్, మానిటర్‌కు కావలసింది నెగెటివ్. కాబట్టి 3ను 4కు కలిపి, 5ను 5 వోల్టులకు కట్టండి. 6వ కాలి నుంచి తలకిందులైన సంకేతం వస్తుంది, అదే మానిటర్‌కు. మిగిలిన ఇన్‌పుట్‌లు 9, 10, 12, 13ను గ్రౌండు చేయండి. కంప్యూటర్ మోడ్‌లో రెండు సింక్‌లూ నెగెటివ్‌గా ఉన్నప్పుడే ఈ లెక్క చెల్లుతుంది. కొన్ని కార్డుల సింక్ 3.3 వోల్టులే ఉంటుంది, అందుకే మామూలు 74హెచ్‌సీ రకం వద్దు.

మొదటి వెలుగు

కంప్యూటర్ ఆన్ చేసి డెస్క్‌టాప్ రానివ్వండి. మీటరుతో మరోసారి 15.7 చూసుకోండి. అప్పుడు మానిటర్ ఆన్ చేయండి, చెయ్యి స్విచ్ మీదే ఉంచండి. ట్యూబు వేడెక్కి బొమ్మ రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది.

బొమ్మ ఏటవాలు చారలుగా చీలిపోతే హారిజాంటల్ హోల్డ్‌ను కొంచెం కొంచెంగా తిప్పండి. ఒక చోట చారలు నిటారుగా నిలబడి బొమ్మగా మారతాయి. అక్కడి నుంచి రెండువైపులా ఎంత దూరం పట్టు నిలుస్తుందో చూసి, మధ్యలో వదిలేయండి. పైకో కిందికో దొర్లుతుంటే వెర్టికల్ హోల్డ్. ఎంత తిప్పినా పట్టు చిక్కకపోతే సింక్ పోలారిటీ తిరగబడిందేమో చూడండి. ఒక రంగు లేకపోతే ఆ తీగ. తెరంతా పొగమంచులా ఉండి, వాలుగా సన్నని తెల్ల గీతలు కనిపిస్తే ఫ్లైబ్యాక్ మీది స్క్రీన్ బటన్ ఎక్కువైనట్టు. ట్యూబుకు ఎక్కువ వోల్టేజీ ఇచ్చేదీ, మన మెకానిక్‌లు ఈహెచ్‌టీ అని పిలిచేదీ ఈ ఫ్లైబ్యాకే. సర్దుబాట్లకు ప్లాస్టిక్ స్క్రూడ్రైవరే వాడండి. తిప్పకముందు ప్రతి బటన్ ఎక్కడుందో ఫోటో తీసుకోండి.

ఎత్తు, వెడల్పు, మధ్యకు జరపడం 240 గీతల మోడ్‌లో ఒకసారి చేసిస్ మీద సరిచేసి, ఆ తర్వాత బటన్ల జోలికి వెళ్లకండి. ఒక్కో ఆటకు వచ్చే చిన్న తేడాలను ఆర్కేడ్ ఓఎస్‌డీలో సరిచేసుకోవచ్చు.

ఆటలు

1997 ఫిబ్రవరిలో నికోలా సాల్మోరియా విడుదల చేసిన మేమ్‌కు (ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్‌లో ఆడించే ప్రోగ్రామ్‌కు) 15 కిలోహెర్ట్జ్ తెరల కోసం మలిచిన రూపం గ్రూవీమేమ్. దాని సెట్టింగుల ఫైలులో మానిటర్ అన్నచోట వీఎంమేకర్‌లో ఎంచుకున్న ప్రీసెట్‌నే రాసి, స్విచ్‌రెస్ అన్నది 1గా ఉంచండి. ఆట మొదలైనప్పుడల్లా ఆ ఆట అసలు రిజల్యూషన్, అసలు వేగం అదే లెక్కకట్టుకుంటుంది.

ఈ శ్రమకు ఫలితం ఇక్కడ కనిపిస్తుంది. మన ఊళ్లలో ముస్తఫా అని పిలుచుకున్న క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ క్యాప్‌కామ్ బోర్డు మీద 384 బై 224 పిక్సెళ్లతో, సెకనుకు సుమారు 59.6 బొమ్మలతో నడుస్తుంది. మోర్టల్ కాంబాట్‌ది దాదాపు 54.7, ఆర్-టైప్‌ది 55. 60 హెర్ట్జ్ ఎల్‌సీడీ మీద ఈ చివరి రెండూ పక్కకు కదిలినప్పుడల్లా కుదుపుతాయి. ట్యూబు మీద ఆ కుదుపు ఉండదు, మానిటరే ఆట వేగానికి మారుతుంది.

నిలువు ఆటలు మాత్రం వేరు. పాక్‌మాన్ బొమ్మ 224 వెడల్పు, 288 ఎత్తు. అసలు యంత్రంలో మానిటర్‌ను నిలువుగా తిప్పి బిగించారు. అడ్డంగా ఉన్న తెర మీద 288 గీతలను సెకనుకు 60 సార్లు గీయాలంటే 18 కిలోహెర్ట్జ్ దాటుతుంది, మీ మానిటర్ ఒప్పుకోదు. అప్పుడు గ్రూవీమేమ్ ఇంటర్‌లేస్డ్ మోడ్‌కు మారుతుంది, బొమ్మ మినుకుమంటుంది. నిలువు ఆటలే ఎక్కువగా ఆడేవారు మానిటర్‌నే తిప్పుకునే ఏర్పాటు చేసుకోవాలి. తిప్పేటప్పుడు కరెంటు తీసేసి, ట్యూబు మెడను ఎక్కడా తాకకుండా, ఇద్దరు కలిసి పట్టుకోండి. తిప్పాక తెర మూలల్లో ఊదా, ఆకుపచ్చ మరకలు కనిపిస్తే కంగారు పడకండి. భూమి అయస్కాంత క్షేత్రానికి ట్యూబు దిశ మారడం వల్ల వచ్చేవి అవి. చేసిస్‌కు డీగాసింగ్ చుట్ట (ట్యూబుకు అంటిన అయస్కాంతత్వాన్ని పోగొట్టే తీగ చుట్ట) ఉంటే, అరగంట ఆపి ఉంచి మళ్లీ ఆన్ చేసినప్పుడు పోతాయి. లేకపోతే టీవీ మెకానిక్ దగ్గరుండే చేతి డీగాసింగ్ కాయిల్‌తో తీయించుకోవచ్చు.